అడిగి వెయ్యండి

“నర్సమ్మా, మీ అత్తగారు ఇవాళ కూడా వచ్చేశారు!”

వరసలోంచి ఎవరో అన్న ఆ మాటకి టీకాల హాలంతా నవ్వింది. నర్సు తలెత్తలేదు. సిరంజిలోని గాలిబుడగను తరిమేసి, ఎదురుగా బిక్కచచ్చి కూర్చున్న లారీ డ్రైవరుకి అలవాటు ప్రకారం గోడమీది పోస్టరు చూపించింది.

పోస్టరులో మొహం లేదు. భుజందాకా మడిచిన చొక్కాచెయ్యి, దిగబోతున్న సూది, మోచేతికి పైన అర్ధచంద్రంలాంటి పాత కాలినమచ్చ. అడుగున ‘అందరికంటే ముందు చాపిన చెయ్యి’ అని పెద్ద అక్షరాలు.

“ఈ మందు బతికిస్తుందో చంపుతుందో డాక్టర్లకే తెలియని రోజుల్లో ఆ మనిషి ప్రయోగానికి ఒప్పుకుంది. నిప్పుకే బెదరని చెయ్యి అది. మీకు ఇంత సూదంటే భయమా?”

“ఆ ముక్కేదో ముందు ఇంట్లో చెప్పుకోండమ్మా,” అన్నాడు డ్రైవరు, చెయ్యి చాపుతూనే. “దీపం కిందే చీకటి!”

నర్సు చెవులు ఎర్రబడ్డాయి. కిటికీలోంచి గేటు కనిపిస్తూనే ఉంది. మండుటెండలో, ఆస్పత్రి లాండ్రీ వాళ్ల నిండుచేతుల యూనిఫాం చొక్కాతో, ‘అడిగి వెయ్యండి’ అన్న అట్ట పట్టుకుని అత్తయ్య నిలబడి ఉంది. లాండ్రీలో ఆవిరి ప్రెస్సు మీద పాతికేళ్లుగా పనిచేస్తున్నందుకు అందరూ ఆవిణ్ణి ప్రెస్సమ్మ అంటారు. ఆవిడ చుట్టూ వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు, స్ట్రెచర్లు తోసేవాళ్లు ఉన్నారు. ఆస్పత్రిలో పనిచేసే ప్రతివాళ్లూ ఈ సాయంత్రానికల్లా టీకా కార్డు చూపించాలి, లేదా ఉద్యోగం వదులుకోవాలి. ఇది ప్రభుత్వం వారి ఉత్తర్వు.

కోడలిగా వచ్చి ఏడాది నిండలేదు గానీ, అత్తయ్య మొండితనం నర్సుకి పెళ్లికి ముందే తెలుసు. రోగం ఊరంతా ఊడ్చేస్తున్న రోజుల్లో, తన అక్కను చూసొస్తానని చెప్పి ఇల్లు వదిలి నెల్లాళ్లు ఎక్కడికో వెళ్లిపోయిన మనిషి. అలాంటివాళ్లకి జాగ్రత్త గురించి చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. అయినా మధ్యాహ్నం విరామంలో గేటు దగ్గరికి వెళ్లింది.

“ఇంట్లో చూస్తే ఎప్పుడూ భుజాల నిండా కొంగు, ఇక్కడ ఈ ఎండలో ఆ చొక్కా ఏమిటత్తయ్యా? కనీసం చేతులైనా మడుచుకోండి.”

“ఆవిరిలో ఉడికినదాన్ని. ఎండ నన్నేం చేస్తుందే?”

“ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది. వెనక గదిలోకి రండి, నేనే వేస్తాను. చిటికెలో పని.”

“మరి ఈవిడకి?” అంటూ అత్తయ్య పక్కనున్న మనిషిని చూపించింది. బ్లీచింగు తొట్టెల దగ్గర చేసి చేసి వేళ్లు సున్నంలా పాలిపోయిన ఆవిడ, కళ్లు దించుకుంది.

“ఆవిడ రానంటోందిగా!”

“రాననలేదు. ధైర్యం కూడగట్టుకోడానికి నెల్లాళ్లు గడువడిగింది. అందాకా మాస్కు పెట్టుకుని వెనక షెడ్డులో ఒక్కతే పని చేసుకుంటానంది. మీవాళ్లేమన్నారు?”

“రూలు రూలే అన్నారు.”

“అంతేగా! దీని మొగుణ్ణి ఇక్కడే, ఒక్క ముక్క అడక్కుండా ఆపరేషనంటూ కోశారు. దుప్పటి కప్పి బయటికి తెచ్చారు. ఆ దుప్పటి మళ్లీ దీని చేతులే ఉతికాయి. ఇప్పుడు దీన్నీ అడక్కుండానే పొడుస్తారు. ఈ ఆస్పత్రికి మనిషిని అడగడం ఎప్పుడొస్తుందే?”

“టీకా మంచిదే కదత్తయ్యా!”

“చెడ్డదని నేనన్నానా? అన్నమూ మంచిదే. నోరు విడదీసి కుక్కితే దాన్ని వడ్డించడమంటారా?”

 నర్సుకి కోపం వచ్చింది.

ఇంతలో ఆస్పత్రి ఆఫీసరు గేటు దాకా వచ్చాడు. “చర్చలు అయిపోయాయి. ఇక్కడ వేయించుకున్నా సరే, వేరే ఊళ్లో వేయించుకున్నా సరే, ప్రయోగాల్లో చేరి వేయించుకున్నా సరే, కార్డుంటే ఉద్యోగం ఉంటుంది. లేనివాళ్లు యూనిఫాం అప్పజెప్పి దయచేయండి.”

ఆ మాట తర్వాత గుంపు ఎండలో మంచులా కరగసాగింది. తల వంచుకుని ఒకరి వెనక ఒకరు వచ్చి నర్సు ముందు కూర్చున్నారు. కన్నీళ్లు పెట్టుకున్నవాళ్ల చేతులకీ ఆమె సూది గుచ్చింది. ఆ పూట మాత్రం పోస్టరు చూపించాలనిపించలేదు.

సాయంత్రానికి ఇద్దరే మిగిలారు. పోస్టరు కింద వేసిన బల్ల దగ్గరికి ఇద్దరూ కలిసే వచ్చారు.

“నా కోసం నువ్వెందుకు మునుగుతావు ప్రెస్సమ్మా?” అంది బ్లీచింగావిడ. “వెళ్లి నీ ఉద్యోగం నువ్వు నిలబెట్టుకో.”

“నువ్వొక్కదానివే మిగిలితే పిరికిదంటారు. ఇద్దరముంటే కాదన్నారంటారు. ఆ తేడా కోసమే.”

ఆఫీసరు నిట్టూర్చాడు. “ఇంతా చేసి ఏం సాధించావమ్మా?”

“ఏమీ లేదు బాబూ. అడిగించుకోవడం మనిషి హక్కని ఒకసారి వినిపించాను. మీరు విన్నారు. చాలు.”

ఆయన చూపు తిప్పుకుని, బ్లీచింగావిడ చొక్కా అందుకుని సంచిలో వేయసాగాడు.

అత్తయ్య తన చొక్కా గుండీలు తీసింది. పాతికేళ్ల అలవాటు. ముడత పడకుండా, అంచుకి అంచు కలిపి మడిచి, బల్లమీద పెట్టింది. లోపల వేసుకున్నది పొట్టిచేతుల రవిక.

ఆ చొక్కా అందుకోబోయిన కోడలి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

మోచేతికి పైన, అర్ధచంద్రంలా, పాత కాలినమచ్చ.