ఆమె పలకని పేరు

మునిరత్నమ్మ కన్ను మూసేదాకా ఆ అద్దాలవాడి పేరు నోటితో పలకలేదు.

ఆమె మొగుడు ముత్యాలప్పకు ఆ ఒక్క సాక్ష్యం చాలు.

దిబ్బూరహళ్ళిలో ఆడది పలకనిది మొగుడి పేరొక్కటే. గాజులమ్మే కొండప్పను ఆమె కొండప్ప అనేది. నూనె తెచ్చే మునిశామప్పను మునిశామప్ప అనేది. అద్దాలవాడు మాత్రం, అతని ఊరి పేరుతో, "చింతామణి ఆయన".

ముత్యాలప్పా ఆమెకు "ఆయనే".

ఒక ఇంట్లో ఇద్దరు ఆయనలు.

"వాడి పేరేమి?" అని ఒకసారి అడిగితే సరిపోయేది. పెళ్ళాన్ని అలా అడగడం ముత్యాలప్పకు తలవంపు. అడగలేదు.

సర్కారు పట్టు ఇలాఖా అధికారి చెప్పాడని అతను పట్టుపురుగుల ఇంటికి తూర్పున నాలుగు అద్దాల కిటికీలు పెట్టించాడు. వెలుతురు రావాలి, చలిగాలి రాకూడదు. ఏటా దీపావళి ముందు, మద్రాసు దిక్కున తుపాన్లు లేవకముందే, ఆ మనిషి చింతామణి నుంచి వచ్చి బస్సు దిగేవాడు. అద్దాలు గోనెపట్టలో చుట్టి రెండు చేతులా రొమ్ముకు ఆనించుకునేవాడు. పగిలినవి తీసి కొత్తవి బిగించి, సుద్దపొడీ అవిసెనూనే కలిపిన ముద్ద అంచులకు పట్టించేవాడు. ఆ నూనె వాసన పురుగులకు పడదు. అందుకే అవి ఇంట్లోకి రాకముందే పని ముగించేవాడు.

ఆ రోజుల్లో మునిరత్నమ్మ ముఖమే వేరు. కాఫీ ముందు అతనికి. తర్వాతే ముత్యాలప్పకు.

ఒకసారి ముత్యాలప్ప కొట్టం సందులోంచి చూశాడు. అతనేదో మెల్లగా అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

పద్దెనిమిదేళ్ళ కాపురంలో ముత్యాలప్పకు దక్కని నవ్వు అది.

ఆమె చైత్రంలో పోయింది. దీపావళికి ముందు అతను ఎప్పటిలాగే వచ్చాడు.

"ఆయమ్మ యాడప్పా?"

"పోయింది."

"యాడికి?"

 ముత్యాలప్పకు చెప్పాల్సిన పని లేకపోయింది. అతను గోనెపట్ట గోడకు ఆనించి అరుగు మీద కూలబడ్డాడు. పైగుడ్డతో కళ్ళొత్తుకున్నాడు.

ఆ ఏడుపూ ముత్యాలప్పకు గిట్టలేదు. ఆమె కోసం ఏడ్చే హక్కు తనదొక్కడిదే.

"కిటికీలు చూస్తానప్పా. రెండు పగిలుండాయి. గాలి తిరిగుండాది."

"వద్దు."

"ఈ తూరి వాన గట్టిగా వస్తాదంటాండారు."

"వస్తే నా ఇంటికి వస్తాది. నీకేమి?"

"పురుగులు ఎప్పుడు పెడతావు?"

"ఎల్లుండి. నీ చెయ్యి పడకపోయినా అవి బతుకుతాయిలే."

అతను మెల్లగా లేచాడు. "ఎందుకప్పా కోపం? నీకూ నాకూ ఒకటి కలిసుండాది. ఆయమ్మ చెప్పలేదా?"

ముత్యాలప్పకు ఒళ్ళు మండింది.

"ఇంకొక మాటంటే ఆ అద్దాలు నీ నెత్తిన పగులుతాయి. పో."

పోయాడు. ఆ పొద్దుకి మళ్ళీ బస్సు లేదు. అద్దాలు ఎత్తుకుని నడిచే పోయాడు.

పగిలిన చోట ముత్యాలప్ప గోనెసంచులు కుక్కాడు.

పురుగులు గూళ్ళు కట్టడానికి మూడు రోజులుందనగా తుపాను పట్టుకుంది. గాలి సంచుల్ని లాగిపారేసింది. రెండు రోజులు జడివాన పురుగుల తట్టల మీదే కొట్టింది. మూడోనాడు ముత్యాలప్పా, సాయానికి వచ్చిన అతని అక్క అక్కయమ్మా చచ్చిన పురుగుల్ని గంపలకెత్తి దిబ్బలో పోశారు.

"చింతామణికి పోరా. ఆ అద్దాలాయన్ని పిలుచుకొని రా. ముందొచ్చే పంటైనా దక్కుతాది" అంది అక్కయమ్మ.

"వాడొక్కడేనా ఆ పని చేసేది? ఇంకొకణ్ణి తెస్తా."

చింతామణిలో అద్దాల అంగడి లక్ష్మణప్పది.

"ఏ ఊరప్పా?" అన్నాడు లక్ష్మణప్ప.

"దిబ్బూరహళ్ళి. పురుగుల ఇంటికి కిటికీలు బాగు చేయాల."

"పేరు?"

"ముత్యాలప్ప."

లక్ష్మణప్ప తలెత్తి చూసి నవ్వాడు.

"నువ్వేనా అది. మా ముత్యాలప్ప చెప్తాండె నీ గురించి."

"ఏ ముత్యాలప్ప?"

"మీ ఇంటికి వచ్చేవాడే, ఇంకెవరు? నీ పేరే కదా వాడిదీ. ఏటా మీ ఊరి నుంచి వచ్చి అదే చెప్పి నవ్వుతాండె. ‘ఒక్క తూరి నన్ను పేరు పెట్టి పిలువమ్మా, అద్దాలన్నీ ఊరికే ఏసిపోతా అంటాను. కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతాదే గానీ, ఆయమ్మ నోట మొగుని పేరు రాదబ్బా’ అని. నీకు తెలీదా?"

ముత్యాలప్ప అంగడి వాకిలి పట్టుకున్నాడు.

 "ఆయన్నే పంపు."

"యాడుండాడప్పా? పోయిన నెల మీ ఊరి నుంచి నడిచొచ్చినాడు. అద్దం కోసే కలం ఈ బల్ల మీద పెట్టినాడు. ఇంక చాలన్నాడు. అనంతపురం పక్క కూతురుంటే ఆడికి పోయినాడు. ఊరి పేరు చెప్పలేదు. ఇంకొకణ్ణి పంపేదా?"

"వద్దు."

ఇల్లు చేరేసరికి అక్కయమ్మ వాకిట్లో కూర్చుని ఉంది.

"దొరికినాడా? పేరన్నా కనుక్కుంటివా, జాబు రాయిస్తే వస్తాడేమో."

ముత్యాలప్ప తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు. తువ్వాలు కోసం చెయ్యి చాచి, ఆమె ముఖం చూడకుండా అన్నాడు.

"ఆయన మాట ఈ ఇంట్లో ఇంకెప్పుడూ ఎత్తొద్దు."