గేటు మీద లైటు

సరిహద్దు గేటు మూసి నెలలు గడిచాయి. ఇంకా తెల్లవారలేదు. అరటాకులో కట్టిన నువ్వుల అన్నం ముద్దలు పట్టుకుని ముళ్లకంచె దగ్గరికి వెళ్లాను.

కాపలా సిపాయి బ్యాంకాక్ కుర్రాడు. "గేటు తియ్యను పెద్దమ్మా. ఎవరికవి?" అన్నాడు.

"మా చెల్లెలు బుప్పాకి. అవతల కంబోడియాలో ఇచ్చాం."

గేటు మీద మన చుట్టుపక్కల దేశాలన్నిటి జెండాలున్న బోర్డు ఇంకా అలాగే ఉంది. మనమంతా ఒకే కుటుంబం అని దాని మీద రాసి ఉంటుంది. బుప్పాను ఆ బోర్డు కిందే అత్తవారికి అప్పగించాం. ఇప్పుడు దానికి పెద్ద లైటు బిగించారు.

"గేటు తియ్యొద్దులే నాయనా. ఆ లైటొక్కటి కాసేపు ఆర్పు, చాలు."

"ఏం, మీ చెల్లెలికి లైటంటే సిగ్గా? సినిమా తారలా ముసుగేసుకుని వస్తుందా?" అని నవ్వాడు.

నాకు కోపం రాలేదు. "మీ వైపు ఈ ఆచారం లేదేమో. ఈ పదిహేను రోజులూ చనిపోయినవాళ్లు అన్నం వెతుక్కుంటూ వస్తారు. వెలుగుంటే దగ్గరికి రాలేరు. బుప్పా కిందటి నెల జ్వరంతో పోయింది. చివరి చూపుకి కూడా నన్ను వెళ్లనివ్వలేదు."

అతను వెళ్లి లైటు ఆర్పేశాడు. ముద్దలు కంచె కింద పెట్టి, చేతులు జోడించి, దాన్ని పేరు పెట్టి పిలిచాను.

కాసేపటికి అవతలి సిపాయిల లైటు కూడా ఆరిపోయింది. వాళ్లకు నేనేమీ చెప్పనక్కర్లేకపోయింది. వాళ్ల ఇళ్లలోనూ ఇవాళ ఈ ముద్దలే చేస్తారు.