పాండురంగం బాబాయి డబ్బింగ్ గది

గొంతు మార్చి మాట్లాడితే నన్ను కనిపెట్టగలిగినవాడు ఆసియా ఖండంలోనే లేడు. ఆ రికార్డు మొన్న పది సెకన్లలో పోయింది.

జపాన్ స్టూడియోలు తమ యానిమే బొమ్మల సీరియళ్లను ఇప్పుడు తామే, తెలుగు మాట్లాడే యంత్రంతో నేరుగా ఇళ్లకు పంపుతున్నాయి. వాటిని కొని, డబ్బింగ్ చేయించి అమ్మే పాండురంగం బాబాయికి పని పోయింది. మొన్న ఆయన డబ్బింగ్ గది ఖాళీ చేస్తుంటే, ఆయన దగ్గర బొమ్మలకు గొంతిచ్చే నేను పక్క గదిలోంచి గొంతు మార్చి ఫోన్ చేశాను.

"టోక్యో స్టూడియో నుంచండీ. మాకు మళ్లీ మీ డబ్బింగే కావాలి కదా!"

"ఒరేయ్ సాకేత్! మాట అయిపోయినా బొమ్మ పెదాలు ఆడుతుంటే, చివర 'కదా' తగిలించేది మనమేరా. యంత్రానికి ఆ ఖర్మేంటి? ఇటు రా."

వెళ్లాను. మైకు ఇంకా పెట్టెలో పెట్టలేదు.

"నేనే బాబాయ్. గది ఖాళీ చేస్తుంటే చూడలేకపోయాను. నా మొదటి పిల్లి అరుపు ఇక్కడే అరిచాను."