ఏడుపు మొహం

వాకిట్లో అన్న శవం మీద పడి అప్పలసూరి ఏడుస్తుంటే, చనిపోయినాయన అల్లుడు పృథ్వీరాజ్ కిసుక్కున నవ్వాడు.

"అదే, సేమ్ మొహం!" అంటూ ఫోన్ పైకెత్తాడు. పక్కవాళ్లూ ఫోన్లు తీశారు.

అప్పలసూరి భార్య పద్మకుమారికి ఒళ్లు మండింది. అల్లుడి మీద కంటే మొగుడి మీదే ఎక్కువ మండింది. తిత్లీ తుపానుకి కొబ్బరితోట కూలిన రోజు అతను టీవీలో ఏడ్చాడు. ఎవరో ఆ బొమ్మ కింద 'పరీక్ష తప్పినప్పుడు మనం' అని రాసి ఫోన్లలోకి వదిలారు. జిల్లా అంతా నవ్వింది. ఈ మనిషి సిగ్గుపడ్డాడా? పెళ్లిళ్లలో అడిగినోళ్లందరికీ అదే ఏడుపు ఏడ్చి చూపించి, సెల్ఫీలిచ్చి, "నానిప్పుడు ఫేమస్సే!" అని మురిసిపోయాడు.

"మావా, ఒక్కసారి ఇటు సూడు," అన్నాడు పృథ్వీరాజ్.

అప్పలసూరి తలెత్తాడు. చుట్టూ ఫోన్లు. ఏడుపు గొంతులోనే ఆగిపోయింది.

"పద్మా, నాను నిజంగానే ఏడస్తన్నానే," అన్నాడు భార్యతో మెల్లిగా. "ఎవులూ నమ్మట్నేదు."

'బాగా అయింది' అని దెప్పడానికి నోరు తెరిచిన పద్మకుమారి ఆ మాట మింగేసింది.

"సచ్చిపోనాయన నీకు పిల్లనిచ్చిన మావ. సిగ్గునేదేటి నీకు?" అని అల్లుడి మొహం మీదే అడిగింది.

ఫోన్లు ఒక్కొక్కటే దిగాయి, ఒకటి రెండు తప్ప. ఆమె మొగుడి పక్కన కూలబడి, చీర కొంగు విప్పి అతని మొహం మీద కప్పింది.

"ఇప్పుడేడువు," అంది.