నాన్న ఒప్పుకోని నక్షత్రం

లిఫ్టు మళ్లీ చెడిపోయింది. కూతురు కాళ్లీడ్చుకుంటూ మెట్లెక్కి తలుపు తీసేలోపే లోపల్నుంచి ప్రశ్న వచ్చింది.

"మీ అమ్మ ఏమంటోంది?"

వచ్చావా అని కూడా అనడు నాన్న. అదే మొదటి మాట. గుండె జబ్బుతో కుర్చీకి అతుక్కుపోయిన మనిషికి ఆ ఒక్క వాదనే ఊపిరి. మనసు కష్టపెట్టే కబురేదీ ఆయన చెవిన పడకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

అమ్మానాన్నలిద్దరూ ఖగోళ శాస్త్రజ్ఞులే. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ కలిసి ఒక నక్షత్రాన్ని పట్టుకున్నారు. ఊరంత చిన్నది, సూర్యుణ్ని మించిన బరువు, ఎక్కడా కనీవినీ ఎరుగనంత అయస్కాంత బలం. తన చుట్టూ తాను తిరుగుతూ ఉంటుంది. అది దేంతో వెలుగుతోందన్న దగ్గర తగువొచ్చింది. తిరుగుడు వేగాన్నే కాస్త కాస్త ఖర్చుపెట్టుకుంటోందని నాన్న. కాదు, లోపలి అయస్కాంత బలమే కరిగి వెలుగవుతోందని అమ్మ. సభల్లో మొదలైన తగువు భోజనాల బల్ల దాకా వచ్చింది. దానికి ఇంకా ఏవేవో తోడయ్యాయి. చివరికి ఊరికి చెరో కొసన చెరో ఇల్లు.

మధ్యలో నలిగింది కూతురు. ఉపగ్రహం పంపే లెక్కల్ని సరిచూడటం ఆమె ఉద్యోగం. పొద్దంతా తెరకు కళ్లప్పగించి, ఆ తర్వాత అమ్మ గదిలో కాగితాల మధ్య కాసేపు కూర్చుని, నాన్న ప్రశ్నకు జవాబు పట్టుకుని, బస్సులు మారి ఈ కొసకు వచ్చేది. నాన్న దాన్ని ఈకకు ఈక, తోకకు తోక పీకి మరో ప్రశ్న చేతిలో పెట్టేవాడు.

ఒకసారి విసుగొచ్చి ఏవో నాలుగు ముక్కలు అప్పజెప్పింది. ఇది మీ అమ్మ మాటలా లేదు, తను ఇంత మెత్తగా మాట్లాడదు అన్నాడాయన. మర్నాడు ఘాటైన జవాబు తెచ్చాకే శాంతించాడు.

ఇవాళ ఆమెకు ఓపిక అయిపోయింది. తగువు తెగిపోయే రోజు కూడా వచ్చేసింది.

బ్యాగు కింద పడేసి సంగతి చెప్పింది. ఆ నక్షత్రం ఉన్నట్టుండి భగ్గుమంది. ఆ ఒక్క మంటలో బయటపడిన శక్తి, దాని తిరుగుడంతా ఆగిపోయినా రానంత. లెక్క తనే సరిచూసింది. అమ్మ గెలిచింది.

నాన్న కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. దూరం తప్పుగా కొలిచారేమో అన్నాడు. పరికరం తడబడిందేమో అన్నాడు. చుట్టూ ధూళి ఏదైనా ఉంటే అని మొదలుపెట్టి, తనకే నచ్చక ఆగిపోయాడు.

ఆమె ఆయన కుర్చీ పక్కన నేలమీద కూలబడింది.

"ఒప్పేసుకో నాన్నా. ఈ మోత ఇక నావల్ల కాదు."

"ఒప్పేసుకుంటే రేపట్నుంచి ఏం మాట్లాడుకుంటాం?"

"ఏదో ఒకటి. చెడిపోయిన లిఫ్టు గురించి."

ఆయన నవ్వబోయి మానేశాడు.

"గెలిచినందుకు సంబరపడిందా మీ అమ్మ?"

"పడింది," అంది ఆమె కిటికీ వైపు చూస్తూ.

నాన్న చెయ్యి వచ్చి ఆమె తలమీద వాలింది.

"మీ అమ్మ కన్నుమూసే ముందురోజు ఫోన్ చేస్తే నేనే తప్పని ఒప్పేసుకున్నానమ్మా, ఈ ఏడాదిగా వాదించిందంతా తన మాట నీ నోట వినాలనే."