అసలేది, అతుకేది

"ఇద్దరిలో ఒక్కడే ఉంటాడు. రెండోవాడికి ఖురూజ్," అన్నాడు అబూ సాలెహ్.

ఖురూజ్ అంటే టికెట్టు చేతిలో పెట్టి ఇంటికి తోలెయ్యడం. మళ్లీ రావడం ఉండదు. లింబాద్రి చేతిలోని పార కింద పెట్టేశాడు. పక్కన బుచ్చన్న మొహంలో నెత్తురుచుక్క లేదు.

సౌదీలో, ఉనైజాలోని ఆ ఖర్జూరం తోటలో ఇద్దరూ పదకొండేళ్లుగా ఒకే గదిలో ఉంటున్నారు. ఒకరు వండితే ఒకరు గిన్నెలు తోముతారు. గల్ఫుకు రాకముందు లింబాద్రిది జగిత్యాల దిక్కు రైసుమిల్లులో హమాలీ పని. బుచ్చన్నది గుట్టల్లో మేకలు కాసే పని. ఒకరికొకరు చెప్పుకున్న ముచ్చట అది. అంతకుమించి ఎవరూ ఎవర్నీ తవ్వి అడగలేదు.

ఇప్పుడేమో వాళ్లకు వీసా ఇచ్చి పెట్టుకున్న యజమాని, కఫీలు అబూ సాలెహ్, తోట అమ్మేశాడు. తాతల నాటి మట్టి ఇంట్లో మ్యూజియం పెట్టాడు. కాఫీ కూజాలు, ఒంటె జీన్లు, మూగబోయిన రేడియోలు. వాటన్నిటికీ మొగుడు ఒక త్రీ నాట్ త్రీ తుపాకీ, బ్రిటిష్ పటాలాలు వాడి పారేసింది. గొట్టంలో సీసం పోసి మూసేశారు గనక పేలదు. చూస్తే మాత్రం హడలే.

ఈ సంసారం చూసుకోవడానికి ఒక్క మనిషి చాలు. వచ్చేవాళ్లకు తుపాకీలో ఏది అసలు భాగమో, ఏది తర్వాత ఎవరో మార్చిందో చూపించాలి. అమ్మినవాడు ఓ నిపుణుడితో రాయించి ఇచ్చిన కాగితం అబూ సాలెహ్ జేబులో ఉంది.

"వారం టైం. ఫోన్లో వీడియోలుంటాయి, చూసి నేర్చుకోండి. ఎవడు బాగా చెబితే వాడే ఇక్కడ."

లింబాద్రి కూతురు సృజన నర్సింగు చదువు ఇంకా రెండేళ్లుంది. ఈ వయసులో ఇంకో కఫీలు దొరకడం కల్ల. బుచ్చన్న మంచోడే, కాదనేదెవరు? కానీ తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అన్నారు పెద్దలు. ఓడిపోకూడదని ఒట్టు పెట్టుకున్నాడు లింబాద్రి.

ఆ వారమంతా చెరో గోడకు తిరిగి, చెవుల్లో వైర్లు పెట్టుకుని కూర్చున్నారు. పప్పు రెండుసార్లు మాడింది.

"నేర్చుకున్నవా, బుచ్చన్నా?"

"ఏడ నేర్చుకుంటనే? నా బుర్రకు ఎక్కుతలేదు. నువ్వు?"

"నాకూ అంతే. అంతా అయోమయం."

అబద్ధాలు! లింబాద్రి ఫోన్లో నడిచినవి కామెడీ సీన్లు. బుచ్చన్న ఫోన్లో ఏం నడిచిందో అతనికే తెలియాలి, వైర్లు చెవుల్లో ఉండగానే గురక పెట్టేవాడు. పరీక్ష నెత్తిమీద పెట్టుకుని ఏం ధీమానో!

గురువారం సాయంత్రం అబూ సాలెహ్ తుపాకీని చాప మీద పెట్టి, కాగితం విప్పి, కాఫీ పోసుకుని కూర్చున్నాడు.

"ఈ బోల్టు దీనిది కాదు," వచ్చిన నాలుగు అరబీ ముక్కల్లో మొదలుపెట్టాడు లింబాద్రి. "దీని మీద ఒక నంబరు, తుపాకి మీద ఒక నంబరు."

కఫీలు కాగితం చూసి తలూపాడు.

"ముందటి కట్టె కోసిన్రు," అందుకున్నాడు బుచ్చన్న. "అసలుది ఇంకింత పొడుగుంటది. గొంగడి కింద దాగాలె గద, అందుకే కోసిన్రు."

కోసిన సంగతి కాగితంలో ఉంది. గొంగడి సంగతి లేదు. ఏ వీడియోలో చూశాడబ్బా అనుకున్నాడు లింబాద్రి.

"గురి చూసే పలక కొత్తది."

"భుజానికి ఆనిచ్చే మడమల నూనెసీస పెట్టే గూడుంటది. దాని మూత ఇత్తడిదుండాలె. ఇది ఇనుముది."

ఇలా కాదని లింబాద్రి బోల్టు ఊడదీసి, తుడిచి, టకటకా మళ్లీ బిగించాడు. బుచ్చన్న చిన్నగా నవ్వి, అదే పని కళ్లు మూసుకుని చేశాడు. అబూ సాలెహ్ చేతిలో కాఫీ కప్పు గాల్లోనే ఆగిపోయింది. చాప మీద కాస్త వెనక్కి జరిగాడు.

ఇద్దరికీ సరిసమానం. ఇక మిగిలింది ఒక్కటే. మడమ దగ్గర తర్వాతెప్పుడో అతికించిన చిన్న ఇనుప కొండి.

"ఇది దేనికో తెలియదని నిపుణుడే రాశాడు," అన్నాడు కఫీలు. "చెప్పినవాడే ఉంటాడు."

సృజన మొహం కళ్లముందు మెదిలింది. లింబాద్రి నోరు ఆగలేదు.

"గొలుసు కోసం! ఒక కొస దీనికి, ఇంకో కొస నడుము బెల్టుకు. ఎవడన్న వచ్చి గుంజుకపోకుండ!"

బుచ్చన్నకు ఉక్రోషం పొడుచుకొచ్చింది. అరబీ గిరబీ అన్నీ మరచిపోయి అచ్చ తెలంగాణలో అందుకున్నాడు.

"గొలుసుంటె ఏమైతది? గొడ్డలితోని ఒక్కటేస్తె తెగుతది! మనిషికి గీత పడకుండ గుంజుక రావచ్చు!"

"తెగదు!"

"తెగుతది! నాకు ఎరుక లేదా?"

లింబాద్రి చెయ్యి దానంతటదే నడుము మీదికి పోయింది.

అబూ సాలెహ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, తుపాకీని మెల్లగా తన వైపు లాక్కున్నాడు.

"మాషా అల్లా! వారంలోనే ఇంత నేర్చారా? ఎవ్వరూ పోవద్దు. పొద్దున ఒకడు, సాయంత్రం ఒకడు. గది పాతదే," అని తుపాకీని చంకలో పెట్టుకుని గబగబా వెళ్లిపోయాడు.

గెలిచారు. ఆ సంబరం మాత్రం ఒక్కడి మొహంలోనూ లేదు. పదకొండేళ్లు ఒకే కంచంలో తిన్న ఇద్దరూ చాప మీద ఎదురెదురుగా కూర్చుని కొత్తవాళ్లను చూసినట్టు చూసుకున్నారు.

"ఏ ఠాణల డ్యూటీ నీది?" అని బుచ్చన్న, "ఏ దళం నీది?" అని లింబాద్రి, ఇద్దరూ ఒక్కసారే అడిగారు.