గొయ్యి మీద ముగ్గు

మా వీధి గొయ్యి చూడ్డానికి మున్సిపల్ ఇంజనీరు గారు వస్తున్నారని మూడేళ్ల అర్జీల తరవాత కబురొచ్చింది.

వీధి కమిటీ పెద్ద అలివేలుమంగ గారు మా అందరిచేతా వీధి ఊడ్పించి, కల్లాపి చల్లించి, ముగ్గులు వేయించారు.

ఇంజనీరు గారు పూతరేకు తిని, "గొయ్యేదండి?" అన్నారు.

"కారులో మీకు కుదుపెందుకని పొద్దున్నే ఊకబూడిదతో పూడ్పించేశానండి. ఆ పెద్ద ముగ్గు కిందే," అన్నారావిడ.

"ఇక మాకు పనేముందండి?" అంటూ 'ప్రజల భాగస్వామ్యంతో పూర్తయింది' అని రాసుకుని ఆయన కారెక్కారు.

ముగ్గు మీదికి రాగానే చక్రం దిగబడింది. అందరం కలిసి తోశాం.

నాకు ఒళ్లు మండి, "ఇప్పుడు కనబడింది కదండీ గొయ్యి, రాసుకోండి!" అన్నాను.

"ఇందాకే రాసేశానండి," అని అద్దం ఎత్తేశారు.

"అయ్యో, ఇంజనీరు గారి పిల్లలకి పూతరేకులు కట్టివ్వడం మర్చిపోయామే!" అన్నారు అలివేలుమంగ గారు.